ఫ్రెష్ అంటే తెలుగులో ఏమనాలి? "తాజా నీటి చేపలు" అని ఫ్లెక్సీ కొట్టి ఇరుక్కున్నా

గడియారం సెంటర్ డీటీపీ (నల్లగొండ)

అందరికీ నమస్తే. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాకు చిన్న డీటీపీ, ఫ్లెక్సీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, బర్త్‌డే ఫ్లెక్సీలు, సంవత్సరీకం కార్డులు, సంఘాల కరపత్రాలు, ఏది వస్తే అది కొడతాను. తెలుగు టైపింగ్ నాకు కొట్టిన పిండే, తెలుగులోకి మార్చడం మాత్రం కాదని మొన్ననే తెలిసింది.

సంగతి ఏందంటే, నా పాత గిరాకీ ఒకాయన కొత్త షాపు పెడుతున్నాడు, చేపలు ఒక పక్క, కూరగాయలు ఒక పక్క, ముందర జ్యూసులు. హైదరాబాద్‌లో చదివే ఆయన కొడుకు ఇంగ్లీషులో ఒక కాగితం రాసిచ్చాడట, అది నా చేతిలో పెట్టి "దీన్ని మంచి తెలుగులో కొట్టన్నా, ఊళ్ళనుంచి వచ్చేటోళ్ళు కూడా చదవాలె" అన్నాడు. కాగితం నిండా ఫ్రెష్, ఫ్రెష్, ఫ్రెష్. ఫ్రెష్ ఫిష్, ఫ్రెష్ వాటర్ ఫిష్, ఫ్రెష్ వెజిటబుల్స్, ఫ్రెష్ కర్డ్, ఫ్రెష్ కోకోనట్, ఫ్రెష్ లైమ్ సోడా, ఫ్రెష్ స్టాక్ డైలీ, అన్నిటికన్నా కింద పెద్ద అక్షరాలతో ఫీల్ ఫ్రెష్ అని. ఆ రోజు లగ్గాల గిరాకీ ఎక్కువుండె, నేను ఎక్కువ ఆలోచించకుండా అన్నిటికీ తాజా తగిలించిన. తాజా చేపలు, తాజా నీటి చేపలు, తాజా పెరుగు, తాజా కొబ్బరి, చివర్లో "తాజాగా అనుభూతి చెందండి".

ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ ప్రింట్ అయిపోయింది. ఆయన వచ్చి షాపు ముందర నిలబడి పైకి చదివాడు. "తాజా నీటి చేపలంటే ఏందన్నా, పొద్దున మాపు నీళ్ళు మార్చి అమ్ముతమనా?" అన్నాడు. పక్కన టీ తాగేవాళ్ళందరూ నవ్వారు, నేను కూడా నవ్విన, ఏం చేస్తాం. మనిషి మంచోడు కాబట్టి కోపం చేయలేదు గానీ పైసలు కూడా ఇయ్యలేదు, మళ్ళీ కొట్టియ్యి అన్నాడు.

ఇప్పుడు నేను అడిగేది, ఫ్రెష్‌కు అన్నిచోట్లా పనికొచ్చే తెలుగు మాట ఒకటి ఉందా? అసలు తాజా అనేది తెలుగేనా, ఉర్దూనా? ఫీల్ ఫ్రెష్‌ని ఏం చేయాలి? ఆదివారం లోపు చెప్తే మీ పేరు చెప్పుకొని టీ తాగుతా.


మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)

అన్నా, ఇంత లొల్లి ఎందుకు, ఫ్రెష్ అని తెలుగు అక్షరాల్లోనే కొట్టు. మా బస్టాండ్ దగ్గర గోలీసోడా అమ్మే ముసలాయన కూడా "ఫ్రెష్ ఫ్రెష్" అనే అరుస్తాడు. ఫ్రెష్ అర్థం కానోళ్ళు ఇప్పుడు ఎవరున్నరు? బస్సు, రోడ్డు, టెన్షన్ లాగ ఇది కూడా మనదే అయిపోయింది.


కల్వకుర్తి ఇంగ్లీష్ సార్

మిర్యాలగూడ తమ్ముడు చెప్పింది సగం నిజం. చేపలకు, కూరగాయలకు ఫ్రెష్ అని రాసినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఫ్రెష్ నీటి చేపలు అని రాసి చూడండి, తాజా నీటి చేపల కన్నా ఏమీ మెరుగు కాదు. అక్కడ ఇబ్బంది ఏ అక్షరాల్లో రాశామన్నది కాదు, ఆ మాటకు అక్కడున్న అర్థమే వేరు.

డీటీపీ గారూ, మీరు చేసిన పొరపాటు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ప్రతి ఏడాదీ చేస్తారు, చాలా అనువాద పుస్తకాల్లో కూడా నేను చూశాను, కాబట్టి మనసు కష్టపెట్టుకోకండి. డిక్షనరీ తీస్తే ముందు తాజా అనే ఉంటుంది, దాన్ని నమ్మి పోతాం. కానీ పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం "ఫెర్ష్". దానికి అప్పుడు ఉన్న అర్థం "ఉప్పు లేనిది", నీళ్ళ గురించి చెప్పే మాట. ఇంగ్లండు చుట్టూ సముద్రం కదా, వాళ్ళకు నీళ్ళంటే ముందు రావాల్సిన ప్రశ్న ఇవి ఉప్పువా కావా అన్నదే. తర్వాత ఫ్రెంచి వైపు నుంచి ఇలాంటిదే ఇంకో మాట వచ్చి దీంతో కలిసిపోయింది, అప్పుడు కొత్తది, వాడిపోనిది, చల్లగా హాయిగా ఉన్నది అన్న అర్థాలు బలపడ్డాయి. ఇప్పటికీ ఫ్రెంచిలో ఆ మాటకు చల్లగా ఉన్నది అనే అర్థం కూడా ఉంది. అంటే మీరు తాజా అని పెట్టిన ఆ ఒక్క చోటే ఫ్రెష్ తన అన్నిటికన్నా పాత అర్థంలో ఉంది. వెయ్యేళ్ళ అర్థానికి తాజా అని పేరు పెట్టారు మీరు.

నేను పిల్లలకు చెప్పేది ఏమిటంటే, ఫ్రెష్‌ని చూడగానే తెలుగు మాట వెతకొద్దు, ముందు దాని ఎదురు మాట వెతకండి. ఇది ఏది కాదు కాబట్టి ఫ్రెష్ అంటున్నారు? ఉప్పు నీళ్ళు కావు కాబట్టి అయితే మంచినీళ్ళు. ఎండింది కాదు కాబట్టి అయితే పచ్చి. పూలైతే వాడనివి. నిన్న వండింది కాదంటే వేడిది, ఇప్పుడే పొయ్యి మీద నుంచి దించింది. పాత ఆలోచన కాదంటే కొత్త ఆలోచన, అక్కడ తాజా ఆలోచన అంటే ఏదో మార్కెట్లోకి వచ్చినట్టు ఉంటుంది. ఎదురు మాట దొరికితే తెలుగు మాట దానంతట అదే నోటికి వస్తుంది.

ఇక తాజా తెలుగేనా అంటే, పుట్టింది పారసీలో, మనకు వచ్చింది ఉర్దూ మీదుగా. వచ్చి ఎన్ని తరాలైందో గానీ ఇప్పుడు దాన్ని పరాయిది అనడం కష్టం. పాత ఉత్తరాల్లో సంతకం పెట్టాక ఏదైనా గుర్తొస్తే కింద తా.క. అని రాసేవాళ్ళు కదా, ఆ తా.క. అంటే తాజా కలం. మా నాన్న ఉత్తరాల్లో అసలు సంగతి ఎప్పుడూ ఆ తా.క. లోనే ఉండేది, డబ్బులు పంపమని.


వనపర్తి వంటిల్లు

సార్ బాగా చెప్పారు గానీ "ఎండింది కాదు కాబట్టి పచ్చి" అన్న దగ్గర ఇంకా చాలా చెప్పాలి. తమ్మీ, పచ్చి అని చూడగానే తొందరపడి అన్నిటికీ అది తగిలించకు, ఈసారి ఫ్లెక్సీ ఇంకా అన్యాయంగా ఉంటది.

పచ్చి కొబ్బరి అను, ఎవరికైనా అర్థమైతది, ఎందుకంటే ఎండింది కుడుక. పచ్చిమిర్చి, ఎండుమిర్చి. పచ్చి చేపలు, ఎండు చేపలు, అంగట్లో రెండూ పక్కపక్కన ఉంటయి కాబట్టి అక్కడ పచ్చి అనేది అవసరం. మనోళ్ళు కొన్నిటికి ఎండినాక పేరే మార్చేశారు, అల్లం ఎండితే శొంఠి, ఇక పచ్చి అల్లం అని చెప్పే పనే లేదు. ఇంగ్లీషులో మాత్రం ఫ్రెష్ జింజర్, డ్రై జింజర్ అని ప్రతిసారీ చెప్పుకోవాలి పాపం. పల్లికాయ పీకే రోజుల్లో చెట్టుకున్న కాయలు తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టుకుంటం, అవి పచ్చి పల్లికాయలు. సంక్రాంతి ముందు అనపకాయ వస్తది మా పాలమూరు వైపు, అది ఒలిచి కూర చేస్తే ఇంటిల్లిపాదికీ పండగే, దాన్ని కూడా పచ్చి అనపగింజలు అనే అంటం. వీటన్నిటికీ ఇంగ్లీషులో ఫ్రెష్ సరిపోతది.

పాల దగ్గర మాత్రం సరిపోదు. పచ్చి పాలంటే కాయని పాలు, నిన్నటివైనా ఫ్రిజ్‌లో పెట్టి కాయకపోతే పచ్చి పాలే. అప్పుడే పిండి ఇంకా వెచ్చగా ఉన్నవి గుమ్మపాలు. అట్లనే పచ్చిపులుసును ఎవరన్నా ఫ్రెష్ సూప్ అని ఇంగ్లీషులోకి మారిస్తే నేను ఊరుకోను, అది మరగబెట్టని పులుసు. పచ్చి బాలింత అంటే కాన్పై నాలుగు రోజులైనా కాని తల్లి, అక్కడ ఇంగ్లీషు వాళ్ళ దగ్గర అంత మంచి మాట లేదనుకుంటా, సార్ చెప్పాలి. పచ్చి పుండు అంటే ఫ్రెషే. పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి తాగుబోతు, ఇవి ఫ్రెష్ కావు, అచ్చంగా అదే అని అర్థం. కాబట్టి "పచ్చి కూరగాయలు" అని ఫ్లెక్సీ మీద వేస్తే ఉడకనివి అమ్ముతున్నరు అన్నట్టు ఉంటది, అందరూ ఉడకనివే అమ్ముతరు కదా తమ్మీ!

కూరగాయలకు మనకు ఫ్రెష్ కన్నా మంచి మాటలున్నయి. వంకాయ నవనవలాడుతది. బెండకాయ లేతగా ఉంటది, కొన విరిస్తే టక్కున విరగాలి, వంగితే ముదిరినట్టు. కొత్తిమీర కళకళలాడుతది. ఒక్కో దానికి ఒక్కో గుణం చూసి కొంటం, అన్నిటినీ కలిపి తాజా అంటే అందులో ఏం చూడాలో చెప్పినట్టు కాదు. పెరుగుకు తాజా అసలే వద్దు. తాజా పెరుగు అంటే ఎప్పుడు తోడు పెట్టిందో చెప్పినట్టు ఉంటది, తినేటోనికి కావాల్సింది పులిసిందా లేదా. కమ్మటి పెరుగు అను, అయిపోయె.

ఇంకో ముచ్చట. ఫ్రెష్ అంటే ఎప్పుడూ మంచిదే అనుకోకు. మా పాలమూరు వైపు బాలానగర్ పేరు మీద సీతాఫలం రకమే ఉంది. కానీ ఆ కాయను చెట్టు మీద నుంచి తెంపిన రోజే తిననీకి రాదు, రాయిలా ఉంటది. కండ్లు విచ్చినంక తెంపి, గడ్డిలోనో బియ్యంలోనో పెట్టి రెండు మూడు రోజులు మాగనియ్యాలి. ఫ్రెష్ సీతాఫలం అని బోర్డు పెడితే నేనైతే కొనను, మాగిన సీతాఫలం అని పెడితే రెండు కిలోలు తీసుకుంటా.


చిట్యాల పోరడు

అక్క కల్లు మర్చిపోయింది. పొద్దుగాల చెట్టు దించిన కల్లు తియ్యగుంటది, ఎండెక్కినాక పులుస్తది. ఇప్పుడు నీరా అని అమ్ముతున్నరు, పులవకుండా చల్లగా ఉంచి. మా తాతైతే "ఫ్రెష్‌ది పిల్లలు తాగుతరు" అంటడు.


వనపర్తి వంటిల్లు

మర్చిపోలేదు తమ్మీ, కావాలనే వదిలేసిన.


పాలమూరు గ్రూప్స్

నేను నాలుగేళ్ళుగా పోటీ పరీక్షలకు చదువుతున్నా, కాబట్టి ఫ్రెష్ అన్న మాట వింటేనే గుండె దడ. చేపల సంగతి నాకు తెలియదు గానీ నోటిఫికేషన్ల దగ్గర తాజా ఎంత ప్రమాదమో చెప్తా.

పేపర్లో "తాజా నోటిఫికేషన్" అని హెడ్డింగ్ వస్తే దాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, ఈ మధ్య వచ్చినది. రెండు, పాతది తీసేసి దాని స్థానంలో ఇచ్చినది. తెలుగు పేపర్లలో తాజా అంటే ఎక్కువగా మొదటిదే, తాజా వార్తలు, తాజా ధరలు అన్నట్టు. ఇంగ్లీషులో ఫ్రెష్ నోటిఫికేషన్ అంటే రెండోది. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, ప్రిలిమ్స్ రాశాం, రద్దయింది, 2023లో మళ్ళీ రాశాం, అది కూడా పోయింది, చివరికి 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే రద్దు చేసి 563 పోస్టులతో ఇంకోటి ఇచ్చారు. పాత అభ్యర్థులు కూడా మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలన్నారు. మా రూమ్‌లో ఒకడు "తాజా నోటిఫికేషన్ కదా, మన పాత అప్లికేషన్ ఉంది కదా" అనుకొని చివరి రోజు దాకా కూర్చున్నాడు. పక్కవాడు చూసి లేపకపోతే అంతే సంగతులు. అక్కడ తెలుగులో తాజాగా దరఖాస్తు చేసుకోవాలి అని కాదు, "మళ్ళీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి" అని ఉండాలి. ఆ "మళ్ళీ" లేకపోతే ఫ్రెష్ సగమే వచ్చినట్టు.

ఎన్నికలకు కూడా ఇదే గొడవ. ఫ్రెష్ ఎలక్షన్స్ అంటే మళ్ళీ ఎన్నికలు. తాజా ఎన్నికలు అంటే మొన్న జరిగినవి. ఒకటి జరగబోయేది, ఇంకోటి అయిపోయింది, రెండిటికీ ఒకే మాట!

ఫ్రెషర్ కూడా చూడండి. జాబ్ ప్రకటనలో ఫ్రెషర్స్ అంటే కొత్తవాళ్ళు అని తెలుగులో రాస్తారు, కానీ ముప్పై రెండేళ్ళ నన్ను కూడా ఫ్రెషరే అంటున్నారు, ఎందుకంటే అనుభవం సున్నా. పచ్చిగా చెప్పాలంటే అదీ సంగతి.


మర్రిగూడ నీళ్ళు

ఇంగ్లీష్ సార్‌కు నమస్కారం. మీరు చెప్పిన దాంట్లో ఒక్క చోట నాకు అభ్యంతరం ఉంది, మంచినీళ్ళ దగ్గర. నేను నీళ్ళ పరీక్షల పని చేసేవాణ్ణి, పుట్టింది మర్రిగూడ వైపు, కాబట్టి ఈ మాట దగ్గర ఊరుకోలేను.

శాస్త్రం లెక్కలో లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు వెయ్యి మిల్లీగ్రాముల లోపు ఉంటే అది ఫ్రెష్ వాటర్. సముద్రంలో అయితే లీటరుకు ముప్పై అయిదు గ్రాముల దాకా ఉంటాయి. ఆ లెక్కన మా ఊరి చుట్టుపక్కల చాలా బోర్ల నీళ్ళు ఫ్రెష్ వాటరే. చూస్తే తేటగా ఉంటాయి, వాసన ఉండదు, నోట్లో పోసుకుంటే ఏ తేడా తెలియదు. కానీ ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, మా దగ్గర అది దాటి ఎంతో ఉండేది. పళ్ళ మీద గార, ముప్పై ఏళ్ళకే వంగిన నడుములు, ముడుచుకోని మోకాళ్ళు, ఇవన్నీ ఫ్రెష్ వాటర్ తాగి వచ్చినవే. ఆ నీళ్ళను మంచినీళ్ళు అనగలమా? అందుకే ఫ్రెష్ వాటర్‌ని కళ్ళు మూసుకొని మంచినీళ్ళు అనొద్దు అంటాను. మంచినీళ్ళు అంటే మనకు తాగే నీళ్ళు. ఇంగ్లీషు మాటకు తాగడంతో పని లేదు, ఉప్పుతోనే పని. సైన్స్ పాఠంలో అయితే "ఉప్పు లేని నీరు" అని విడమరిచి చెప్పడమే నయం.

నల్లగొండ పేరు ప్రపంచంలో నీళ్ళ ఇంజనీర్లందరికీ తెలుసు, ఎట్లాగో తెలుసా? ఫ్లోరైడ్ తీసేసే ఒక పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేశారు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగా తిప్పి, కాసేపు తేరనిస్తే ఫ్లోరైడ్ చాలా వరకు మడ్డితో పాటు అడుక్కు చేరుతుంది, పైన తేట వంచుకోవాలి. ఆఫ్రికా దేశాల్లో కూడా ఈ పేరుతోనే చెప్తారు. మన ఊరి పేరు అట్లా నిలబడిందని సంతోషించాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

చేపలకు మాత్రం మంచినీటి చేపలు అనే మాట బడి పుస్తకాల్లో కూడా ఉంది, కొల్లేరు మంచినీటి సరస్సు అని మనం చిన్నప్పుడు బట్టీ పట్టిందే కదా, అక్కడ ఎవరూ తాగడం గురించి ఆలోచించరు. కానీ డీటీపీ అన్నా, మీ గిరాకీకి ఆ మాట కూడా ఎందుకు? మన జిల్లాలో సముద్రమే లేదు. ఉన్నవి నాగార్జున సాగర్, పానగల్లు ఉదయ సముద్రం, రెండూ పేరుకు సముద్రాలు, నీళ్ళు మాత్రం చప్పటివి! మనవాళ్ళు చెరువు పెద్దదైతే సముద్రం అనేశారు, ఉప్పుతో వాళ్ళకు పనేముంది. ఐస్ పెట్టెల్లో కోస్తా నుంచి వచ్చే వంజరం, చందువా పక్కన పెట్టి తేడా చెప్పాలంటే "సాగర్ చేపలు, చెరువు చేపలు" అని కొట్టండి. కొర్రమీను, రవ్వ, బొచ్చె అని పేర్లు రాస్తే ఇంకా మంచిది. పేరు చూసి వస్తారు జనం, నీళ్ళు చూసి కాదు.


కల్వకుర్తి ఇంగ్లీష్ సార్

మర్రిగూడ అన్న మాట ఒప్పుకుంటున్నా. ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద ఫ్రెష్ వాటర్ ఈక్వల్ టు మంచినీరు అని రాస్తున్నా, ఒక్క పిల్లవాడు కూడా ఇట్లా అడగలేదు, అడగాల్సిన జిల్లా పక్కనే ఉన్నాం మరి. రేపటి నుంచి పక్కన ఇంకో ముక్క రాస్తాను.

వనపర్తి చెల్లెమ్మ అడిగిన పచ్చి బాలింతకు ఇంగ్లీషులో ఒక్క మాట నాకూ తోచడం లేదు. పచ్చి గురించి ఇంకొకటి గుర్తొచ్చింది. పచ్చ, పచ్చి, పచ్చిక, పసరు, పసుపు, పసి, ఇవన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి, అందుకే అందులో రంగు, తడి, లేతదనం అన్నీ ఉన్నాయి. ఇటలీ వాళ్ళు ఫ్రెష్‌ని ఫ్రెస్కో అంటారు, గోడకు సున్నం పూత వేసి అది ఆరకముందే రంగులు వేసే బొమ్మలకు అదే పేరు. మన మేస్త్రీలు దాన్నే "గోడ ఇంకా పచ్చిగా ఉంది" అంటారు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి కల్వకుర్తి మేస్త్రీ, తడి గోడను చూసి ఇద్దరికీ ఒకే మాట తోచింది. ఇక్కడ కూడా ఫ్రెష్, పచ్చి అతికినట్టు సరిపోతాయి.


డిండి గట్టు

ఒక డౌట్ సార్. మొన్న ఒక ఇంగ్లీషు సినిమా చూస్తుంటే అందులో ఒకావిడ ఒకడి మీద కోపంగా "డోంట్ గెట్ ఫ్రెష్ విత్ మీ" అంది. కింద తెలుగులో "నాతో తాజాగా ఉండకు" అని పడింది. రాత్రంతా మా ఫ్రెండ్స్ గ్రూపులో అదే జోకు. అసలు అర్థం ఏంటి?


కల్వకుర్తి ఇంగ్లీష్ సార్

"హద్దు మీరకు" అని. చనువు తీసుకొని వెకిలిగా మాట్లాడేవాణ్ణి అమెరికాలో అట్లా అంటారు, జర్మన్ భాషలో "ఫ్రెహ్" అనే మాట ఉంది, సిగ్గూ భయం లేనివాడు అని, దాని ప్రభావమేమో అంటారు. తెలుగులో సందర్భాన్ని బట్టి "వేషాలెయ్యకు", "ఎక్కువ చేయకు". మా అమ్మ అయితే "ఏంరా, తోలు మందమైందా" అనేది, అది కూడా నడుస్తుంది.

గాలికి కూడా ఒక ఫ్రెష్ ఉంది, ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. వాతావరణం వాళ్ళు గాలి వేగానికి మెట్లు పెట్టుకున్నారు, బోఫోర్ట్ స్కేలు అని. అందులో అయిదో మెట్టు పేరు ఫ్రెష్ బ్రీజ్, గంటకు 29 నుంచి 38 కిలోమీటర్ల వేగం, చిన్న చెట్లు ఊగడం మొదలుపెడతాయి. దాన్ని తాజా గాలి, స్వచ్ఛమైన గాలి అని రాస్తే పడవ మీద ఉన్నవాడు హాయిగా గాలి పీల్చుకుంటూ కూర్చుంటాడు. అక్కడ కావాల్సింది "గట్టి గాలి". ఈసారి నేను చెప్పిన ఎదురు మాట సూత్రం కూడా కాపాడదు, ఎందుకంటే ఇది మెట్ల మధ్యలో ఒక మెట్టు. నా సూత్రానికి కూడా హద్దు ఉంది, పిల్లలకు ఇది చెప్పను.


గడియారం సెంటర్ డీటీపీ (నల్లగొండ)

అమ్మో, టీ ఎంతమందికి పోయాలి నేను! అందరికీ దండం. ఇప్పుడు ఫీల్ ఫ్రెష్ ఒక్కటే మిగిలింది. గిరాకీ అది తీసేయొద్దు అంటున్నాడు, కొడుకుకు ఇష్టమట.


మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)

నేను మొదటే చెప్పిన, ఇంగ్లీషులోనే ఉంచు అని. ఫీల్ ఫ్రెష్‌కు తెలుగు లేదు, ఉండదు.


వనపర్తి వంటిల్లు

ఎందుకుండదు తమ్మీ? ఎండల పొలం నుంచి వచ్చి కుండ నీళ్ళు తాగి "పాణం లేచొచ్చింది" అంటం కదా, అది ఫీల్ ఫ్రెష్ కాదా? బస్సు దిగి ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇప్పటి పిల్లలు "ఫ్రెషప్ అవ్వండి" అంటున్నరు, మేము "కాళ్ళు మొహం కడుక్కోండి, అన్నం పెడత" అంటం. పొద్దున లేచి "ఈ రోజు ఒళ్ళు తేలిగ్గ ఉంది" అంటం. అనుభూతి చెందండి అని ఎవరన్నా ఎవరికన్నా చెప్తరా? మాటకు తెలుగు లేకపోవడం కాదు, మనం మాటను మాటతోనే మార్చాలని చూస్తున్నం. జ్యూస్ దగ్గర పెట్టే బోర్డే అయితే నిమ్మకాయ సోడా బొమ్మ వేసి పక్కన "తాగితే ప్రాణం లేచొస్తది" అని కొట్టు. నిమ్మకాయలు కూడా నకిరేకల్‌వే అయితే ఆ ఊరి పేరు కూడా వెయ్యి, దగ్గరి ఊరి కాయ అంటే ఎప్పుడు తెంపిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.


మర్రిగూడ నీళ్ళు

అక్కా, ఆ సోడాకు ఏ నీళ్ళు వాడుతున్నాడో కూడా అడగమను.


పాలమూరు గ్రూప్స్

ఫ్రెష్ స్టాక్ డైలీ వదిలేశారు అందరూ. "ఏ రోజు సరుకు ఆ రోజే" అంటే సరిపోతుంది కదా?


గడియారం సెంటర్ డీటీపీ (నల్లగొండ)

పాలమూరు తమ్ముడూ, అది నేను అప్పటికే పెట్టేశా, మా అమ్మ చెప్పింది. ఆమె బడికి పోలేదు, ఫ్రెష్ స్టాక్ అంటే ఏందిరా అని అడిగితే చెప్పిన, వెంటనే ఆ మాట అన్నది.

నిన్న సాయంత్రం ఫ్లెక్సీ కట్టారు. పైన ఇట్లా ఉంది: "సాగర్ చేపలు, చెరువు చేపలు. కొర్రమీను, రవ్వ, బొచ్చె. ఏ రోజు సరుకు ఆ రోజే." దాని కింద "నవనవలాడే కూరగాయలు, పచ్చి కొబ్బరి, కమ్మటి పెరుగు." కింద సోడా బొమ్మ, "తాగితే ప్రాణం లేచొస్తది!" అని. ఫ్రెష్ అనే మాట మొత్తం ఫ్లెక్సీలో ఒక్కసారే ఉంది, "ఫ్రెష్ చేపలు" అని పైన మూలకు చిన్నగా, మిర్యాలగూడ అన్న మాట కూడా ఉండాలి కదా. గిరాకీ మూడుసార్లు చదివి, ఈసారి ఏమీ అడగకుండా పైసలు ఇచ్చాడు, రెండు ఫ్లెక్సీలకు కాదు, ఒక్కదానికే. కొడుకు ఫోన్లో ఫోటో చూసి "నాన్నా, నేను రాసింది ఇది కాదు" అన్నాడట.

తా.క. పాత ఫ్లెక్సీ పారేయలేదు. తిరగేసి షాపు ముందర ఎండకు కట్టుకున్నా, గాలికి లేచినప్పుడల్లా తాజా నీటి చేపలు కనిపిస్తున్నాయి.